దిగినమ్మ గట్టు

పూర్వం ఒకనాడు పొద్దు పడమటికి వాలుతున్న వేళ, మబ్బుతునకైనా లేని ఆకాశం కింద, ఎండిపోయిన ఎలమవాగు ఇసుకలో కూర్చుని ఏచమ్మ అనే ఇల్లాలు రంగులు నూరుతూ ఉంది. గాలి లేదు. ఇసుక కాలుతూ ఉంది. ఆ సీమ వాన మొహం చూసి ఎన్నాళ్ళయిందని అడిగితే, పెద్దవాళ్ళు సైతం వేళ్ళు మడిచి, విసుగుపుట్టి, మధ్యలోనే విడిచిపెట్టేవారు.

ఏచమ్మ ఆటవారిపల్లె కోడలు. వాగుకు తూర్పుగట్టున ఉన్న ఆ పల్లెలోని వారికి ఆటే సేద్యం, ఆటే జపం. నాట్యానికి ఇంకా మండపాలు లేవు, స్తంభాలు లేవు, నెత్తిన కప్పు లేదు. ఎండిన వాగు ఇసుకే రంగస్థలం. మెట్లుమెట్లుగా కోసుకుపోయిన పడమటి ఒడ్డే ప్రేక్షకులకు ఆసనం. రెండు గుంజలకు కట్టిన ఎర్రని తెరే మనుష్యలోకానికీ దేవలోకానికీ నడుమ ఉన్న గోడ. ఆ ఒడ్ల మధ్య మాట పలికితే గుడిలో గంట కొట్టినట్టు కడపటి మెట్టుదాకా వినిపిస్తుంది గనుక, వారి తాతముత్తాతలు ఆ చోటు ఎంచుకున్నారు. నేతికుండలు కుమ్మరించి చేసే యజ్ఞంకన్నా, భక్తితో ఆడిన ఒక్క ఆటకే దేవతలు ఎక్కువ సంతోషిస్తారని వారి నమ్మకం. స్త్రీవేషాలు సైతం మగవారే కట్టేవారు. ఆడవారి పని తెర వెనుకనే; రంగులు నూరడం, మొహాలు తీర్చడం, ఆట ముగిశాక నువ్వులనూనెతో ఆ మొహాలు తుడవడం.

ఆ పల్లెలో ఒక కట్టడి ఉండేది. మొహాన రంగు పడిన క్షణం మొదలు అది తుడిచేదాకా, వేషగాణ్ణి సొంత పేరుతో ఎవ్వరూ పిలవరాదు. కన్నతల్లి అయినా సరే, రాజు వేషం కట్టినవాణ్ణి ప్రభూ అనాలి, దేవత వేషం కట్టినవాణ్ణి అమ్మా అనాలి. రంగు తుడిచాక మాత్రం, ఇల్లాలైనా సరే, సొంత పేరు పిలవాలి, అతను పలకాలి; అప్పుడే వేషం దిగినట్టు. వేషంలోకి దిగిన దైవం, లోపలి మనిషి పేరు వినపడితే అలిగి వెళ్ళిపోతుందనీ, వెళ్ళేటప్పుడు ఆ మనిషి ప్రాణాన్నికూడా తీసుకుపోతుందనీ పెద్దల మాట. ఏచమ్మ దాన్ని వినడమే కాదు, కళ్ళారా చూసింది. ఆమె పెనిమిటి సింగన ఇంద్రుడి వేషంలో మంచెమీద నిలబడి ఉండగా, జనంలోనుంచి ఎవరో పరిచయస్థుడు మురిసిపోయి, "ఓహో! మన సింగనే!" అని కేకవేశాడు. సింగన ఉలిక్కిపడ్డాడు. కాలు తప్పింది. మళ్ళీ లేవలేదు.

అప్పటినుంచి ఏచమ్మకు మాటలు తగ్గిపోయాయి. కొడుకు బొప్పనను మాత్రం ఊరికే పిలుస్తూ ఉండేది. గుమ్మంలో ఉన్నా బొప్పనా, ఎదురుగా ఉన్నా బొప్పనా. వాడు పలికితే, ఏమీ లేదురా అనేది.

అలా ఉండగా, ఆ సీమను ఏలే ఎరపోతరాజు కరువుకు తాళలేక, వానలనిచ్చే అమ్మవారి ఆట ఆడించమని ఆటవారిపల్లెకు వర్తమానం పంపాడు. ఆ ఆట చాలా పాతది. కరువు రక్కసుడు లోకంలోని నీళ్ళన్నీ మింగి కూర్చుంటాడు. అమ్మవారు జనంమీద అలిగి ఎత్తయిన లోకంలో కూర్చుంటుంది. దిగి రావమ్మా, దిగి రావమ్మా అని అందరూ వేడుకుంటారు. ఎంత వేడినా ఆమె మొహం తిప్పుకుంటుంది. సరిగా పొద్దు గుంకే క్షణానికి ఆమె మనసు కరుగుతుంది. అప్పుడు దిగివచ్చి రక్కసుణ్ణి సంహరిస్తుంది. ఆ ఎత్తయిన లోకంకోసం ఇసుకలో తాటిదూలాలు పాతి మంచె కట్టారు. అమ్మవారి వేషం బొప్పనకు వచ్చింది. వాడు మంచె ఎక్కడం అదే మొదలు.

"కళ్ళు మూసుకోరా," అంది ఏచమ్మ, అరిదళమనే పసుపురంగును కొడుకు బుగ్గలకు పూస్తూ.

"మూసుకుంటే నవ్వొస్తోందే అమ్మా."

"నవ్వితే గీత వంకరపోతుంది. అమ్మవారికి వంకరమూతి పెట్టానని రేపు ఊరంతా నన్నే అంటారు."

పక్కనే మసి పూసుకుని కూర్చున్న పోలన ఊరుకోలేదు. వాడు ఏచమ్మ తమ్ముడు, బొప్పనకు మేనమామ, ఆనాటి కరువు రక్కసుడు. "చూశావా అక్కా నీ పక్షపాతం! కొడుక్కైతే వేలితో మెల్లిగా పూస్తావు. నాకు గోడ అలికినట్టు అలికేశావు."

"రక్కసుడి మొహానికి అంతకన్నా ఏం కావాలిరా? నిజానికి నీకు రంగే అక్కర్లేదు."

హాస్యగాడు మాచన పకపకా నవ్వాడు. అతను ఏచమ్మకు మరిది. మొహాన తెల్లని సుద్ద, ముక్కుమీద ఎర్రచుక్క. "వదినగారు మాట్లాడారోయ్! ఇక వాన పడక తప్పదు," అన్నాడు.

సూత్రధారి గుండమయ్య అటునుంచి దగ్గాడు. అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఆయన సింగనకు అన్న, ఏచమ్మకు బావగారు. ఆమె కాపురానికి వచ్చిన నాటినుంచి ఆయన ఎదుట తలెత్తి ఎరుగదు. ఆయన పేరు ఆమె నోటివెంట ఎన్నడూ రాలేదు; ఏ ఇంటి కోడలి నోటివెంటా రాదు.

అంతా పూర్తయింది. నుదుట బొట్టు ఒక్కటే మిగిలింది. అది పెడితే ఇక వాడు బొప్పన కాడు.

"అమ్మా," అన్నాడు వాడు చిన్నగా. "భయమేస్తోందే."

"దేనికి?"

"అంత ఎత్తు."

ఏచమ్మ వేలు ఇంగిలీకమనే ఎర్రరంగు గిన్నెలోనే ఆగిపోయింది. తండ్రి పడినప్పుడు వాడు ఆమె చంకలో ఉన్నాడు. "కిందికి చూడకు," అంది. బొట్టు పెట్టింది. పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, తన కడుపున పుట్టినవాడి పాదాలకు తలవంచి మొక్కింది.

ఆట మొదలయింది. పడమటి ఒడ్డున మెట్లన్నీ జనంతో నిండిపోయాయి. నడిమెట్టున ఎరపోతరాజు కూర్చున్నాడు. మద్దెలముందు దామన కూర్చున్నాడు. వాడు గుండమయ్య కొడుకు, ఏచమ్మను చిన్నమ్మా అని పిలుస్తాడు. కరువు రక్కసుడు అరిస్తే చంటిపిల్లలు ఏడ్చారు. గుండమయ్య దోసిలి పట్టి, "దిగి రావమ్మా," అని పాడితే పెద్దలు ఏడ్చారు. మంచెమీద అమ్మవారు, చేతిలో వేపమండతో, మొహం పక్కకు తిప్పుకుని, రాతిబొమ్మలా కూర్చుని ఉంది.

తెర వెనుక ఏచమ్మ, రంగుచేతులు కడుక్కుందామని చెలమ దగ్గరికి వెళ్ళింది. ఇసుకలో మోచేతి లోతున తోడుకున్న గుంట అది. పొద్దున రంగులు కలపడానికి అందులోనుంచి కొబ్బరిచిప్పతో కూడా నీరు ముంచలేక, గుడ్డ తడిపి పిండుకున్నారు. ఇప్పుడు అందులో నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. ఎర్రగా ఉన్నాయి. ఆమె చూస్తూ ఉండగానే అంచు దాటి, ఆమె కాలివేళ్ళను తాకాయి.

ఆమె ఉత్తరానికి చూసింది. తలమీద ఆకాశం అద్దంలా ఉంది. దూరాన నల్లకొండలమీద మాత్రం కాటుక ఒలికినట్టు ఒక చార. ఆ చారలో చప్పుడు లేకుండా మెరుపు.

కొండల్లో వాన పడింది. వాగు వస్తోంది.

ఏచమ్మ తెర దగ్గరికి పరుగెత్తి, "నీళ్ళొస్తున్నాయి!" అని గొంతెత్తి అరిచింది.

కరువుసీమలో వానకోసం ఆడుతున్న ఆటలో, తెర వెనుకనుంచి, నీళ్ళొస్తున్నాయని ఒక ఆడగొంతు వినపడితే ఎవరేమనుకుంటారు? మెట్లమీది జనం ఒక్కసారిగా జయజయధ్వానాలు చేశారు. మాచన పల్టీకొట్టి లేచి, "విన్నారా అయ్యలారా, అశరీరవాణి! మా వదిన గొంతులాగే ఉంది గానీ, మా వదిన అంత గట్టిగా అరవలేదు!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. దామన ఆ మాటనే తాళానికి ఎక్కించి, నీళ్ళొస్తున్నాయి, నీళ్ళొస్తున్నాయి అని మద్దెలమీద పలికించాడు. ఎరపోతరాజు తన మెడలోని పూలదండ తీసి రంగస్థలంమీదికి విసిరాడు.

"ఆట కాదు! వాగు! వాగొస్తోంది!"

"వాగొస్తోంది!" అని వేలగొంతులు ఆమె మాటనే అందుకున్నాయి. ఆట తెలిసినవారు గనుకనే ఆ పొరపాటు చేశారు. తెర వెనుకనుంచి వచ్చిన ఏ మాటనైనా ఆటలోకి కలుపుకోవడం ఆ పల్లెవారికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

ఏచమ్మ మంచెవైపు తిరిగింది. కట్టడి గుర్తొచ్చింది. వేషాన్నే పిలవాలి. "అమ్మా! దిగి రా తల్లీ! దిగి రా!" అని ఏడ్చింది.

ఆ ఏడుపు ఎంత నిజంగా ఉందంటే, ఒడ్డుమీది ఆడవారందరూ కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకుని, "దిగి రా తల్లీ," అని ఆమెతో కలిసి ఏడ్చారు. మంచెమీద బొప్పన, తనకు నేర్పినట్టే, తలను ఇంకాస్త పక్కకు తిప్పుకున్నాడు. పొద్దు గుంకడానికి ఇంకా వేళ ఉంది.

పేరు పెట్టి పిలిస్తే పడిపోతాడు. పిలవకపోతే మునిగిపోతాడు. ఏచమ్మ ఇసుకలో ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆమె మడమలచుట్టూ ఇసుక మెత్తబడి జారుతూ ఉంది. ఆ క్షణంలో ఆమె ఏ దైవానికి మొక్కుకుందో తెలియదు. మొక్కుకోలేదనే కొందరంటారు.

ఆమె తెరను రెండుచేతులా పట్టి లాగేసింది. గుంజలు విరిగాయి. అంతవరకూ ఏ ఆడది అడుగుపెట్టని రంగస్థలంమీదికి, రంగు లేని మొహంతో, జుట్టు విడిపోయి, రంగులు కారుతున్న చేతులతో నడిచివచ్చి, అందరికన్నా పెద్దవాడైన బావగారి ఎదుట నిలబడి, ఆయన మొహంలోకి సూటిగా చూసి పిలిచింది.

"గుండమయ్యా!"

మద్దెల ఆగిపోయింది.

"ఓరి దామనా! మాచనా! పోలనా!"

రాజు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఒక కోడలు చేయరాని అపచారం చేసిందనే దిగ్భ్రమతో ఆ ఒడ్డంతా మూగబోయింది. ఆ మూగతనంలో అప్పుడు వినిపించింది అందరికీ, ఉత్తరపు మలుపు అవతలనుంచి, గుండ్రాళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లుతున్న మోత.

"పైకి! పైకి!" అని గుండమయ్య అరిచాడు. జనం మెట్లెక్కి పరుగెత్తారు. తల్లులు పిల్లల్ని జుట్టు పట్టుకుని లాక్కుపోయారు. రాజు చెప్పులు విడిచి పరుగెత్తాడు. పడమటి ఒడ్డున ఉన్నవారిలో ఒక్క ప్రాణికీ అపాయం కలగలేదు.

ఏచమ్మ మంచె కిందికి వెళ్ళి, రెండుచేతులూ చాచి, మిగిలిన ఒక్క పేరు పిలిచింది.

"ఒరే బొప్పనా! నాన్నా! దిగి రారా!"

పైన అమ్మవారి మొహం వణికింది. వేపమండ చేతిలోనుంచి జారి ఏచమ్మ భుజంమీద పడింది. వాడు కిందికి చూశాడు. చూసి, రెండుచేతులతో దూలం పట్టుకుని బిగుసుకుపోయాడు. అంతలో వాగు మలుపు తిరిగింది. మనిషెత్తు ఎర్రని గోడ. దామన వెనుకనుంచి వచ్చి చిన్నమ్మను నడుము పట్టి ఎత్తి, ఆమె గోళ్ళతో రక్కుతున్నా వదలకుండా, తూర్పుగట్టు ఎక్కించాడు. పోలన మంచెవైపు పరుగెత్తడం ఆమె చూసింది. మళ్ళీ చూసేసరికి మంచె లేదు. ఎర్రని నీళ్ళు, వాటిమీద ఎర్రని తెర గిరగిరా తిరుగుతూ పోతున్నాయి.

అప్పుడు తలమీద ఆకాశం కూడా మూసుకుని వాన మొదలయింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన వాన. దాన్ని చూసి సంతోషించడానికి ఆ గట్టుమీద ఎవరూ లేరు. దామన ఆమెను ఇంటి అరుగుమీద కూర్చోబెట్టి, "నువ్వు కదలకు చిన్నమ్మా, నేను చూసొస్తాను," అని వాగువైపు వెళ్ళాడు.

ఆమె కదలలేదు. నూనెగిన్నె, తెల్లగుడ్డలు తెచ్చి ఒడిలో పెట్టుకుంది. ఆట అయ్యాక మొహాలు తుడవాలి. అది తన పని.

మొదట మాచన వచ్చాడు, కుంటుతూ, సుద్ద సగం కారిపోయి. ఆమె ఎదుట చతికిలబడి మొహం చాపాడు. ఆమె తుడిచింది. "మాచనా," అంది.

"ఆఁ," అన్నాడతను.

తరువాత గుండమయ్య వచ్చాడు. ఆమె లేచి పక్కకు తప్పుకోబోయింది. ఆయన కూర్చోమన్నట్టు చెయ్యి ఆడించి, తానే గుడ్డ తీసుకుని మొహం తుడుచుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. "అమ్మాయీ, పేరు పిలవందే వేషం దిగదు. ఎప్పుడూ మా ఇంటిది, నీ తోడికోడలు పిలిచేది. అది పుట్టింట్లో ఉంది. నువ్వే పిలువు."

ఏచమ్మ తల అడ్డంగా ఊపింది.

"అక్కడ జనమందరి ముందూ పిలిచావు కదమ్మా. ఆ పిలుపు మళ్ళీ ఒకసారి వినాలని ఉంది. దానివల్లే బతికి ఉన్నాను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచింది. ముసలాయన, "ఆఁ తల్లీ," అని పలికి, వానలోకే తిరిగి వెళ్ళాడు, బొప్పనను వెతకడానికి.

మసకచీకటి పడుతుండగా, వానలోనుంచి అమ్మవారి వేషం నడుచుకుంటూ వచ్చింది. అదే పసుపుచీర, అదే నడుముపట్టీ. చుక్క తడి లేదు. ఏచమ్మకు ఆ సంగతి అప్పుడు తోచలేదు. ఆమె లేచి ఆ రెండు బుగ్గలూ చేతుల్లోకి తీసుకుంది. గుడ్డల్లోంచి కొత్తది అందుకుంది. నూనె అద్దింది. తుడిచింది. మళ్ళీ తుడిచింది. గుడ్డ తిప్పి చూసుకుంది.

గుడ్డ తెల్లగానే ఉంది.

"బొప్పనా?" అంది.

ఆ మొహం పలకలేదు. చల్లగా చూస్తూ ఉంది. ఏచమ్మ చేతులు ఆ బుగ్గలమీదినుంచి తీయలేదు. "నువ్వెవరివమ్మా?"

"దిగి రమ్మన్నావుగా," అంది ఆమె. "దిగి వచ్చాను. ఎన్నో ఏళ్ళుగా అందరూ పాడి పిలిచారు. నువ్వే ఏడ్చి పిలిచావు."

"నా కొడుకేడీ?"

"వస్తున్నాడు. వాడి మేనమామ భుజంమీద ఉన్నాడు. కాలు బెణికింది, కోప్పడకు. నేనొకర్తినే ముందు వచ్చాను. ఈ మొహాన్ని ఇట్లా ఎవరూ తుడిచి ఎరగరమ్మా. పూసేవారే అందరూ. ఇంకొంచెం తుడువు."

ఏచమ్మ తుడుస్తూ ఉంది. చంటిపిల్ల మొహం తుడిచినట్టు, చెవుల వెనుక, గడ్డం కింద, మెల్లిగా తుడుస్తూ ఉంది. వాకిట్లో ఎవరో రొప్పుతున్న చప్పుడయింది. తలతిప్పి చూసింది. కరువు రక్కసుడు, మసి కారిపోయి చారలచారలుగా, భుజాన అమ్మవారిని మోసుకుని వస్తున్నాడు. వెనుక దామన, గుండమయ్య.

"అక్కా, నీ కొడుకు బరువెక్కాడే," అన్నాడు పోలన. అని, అరుగుమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె మళ్ళీ ఇటు తిరిగేసరికి చేతుల మధ్య మొహం లేదు. అరుగు చివర, అంతకుముందు ఎన్నడూ లేని, మనిషి మొహమంత నున్నని రాయి ఒకటి ఉంది. దానిమీద నూనె మెరుస్తూ ఉంది.

ఆ రాయే ఇప్పుడు గట్టుమీద చిన్న గుడిలో ఉన్న దిగినమ్మ తల్లి. తక్కిన ఊళ్ళ అమ్మవార్లకు పసుపు పూస్తారు, కుంకుమ దిద్దుతారు, వెండికళ్ళు పెడతారు. ఈ తల్లికి రంగు నిలవదు. నువ్వులనూనెతో తెల్లగుడ్డ తడిపి మొహం తుడవడమే ఆమెకు పూజ. ఎరపోతరాజు ఆ ఏడాదే ఆటను వాగులోనుంచి పైకి తెచ్చి, గట్టుమీద రాతిస్తంభాల నాట్యమండపం కట్టించాడు. తరువాతి కాలంలో ఆట మండపాలనుంచి రాజసభలకూ, సభలనుంచి తిరిగి ఊరి వీధులకూ నడిచింది. వేషాలు మారాయి, భాషలు మారాయి. ఆటవారిపల్లెకు దిగినమ్మ గట్టు అనే పేరు స్థిరపడింది. ఆనాటి కట్టడికూడా మారింది. ఏటా తొలకరికి అక్కడ అమ్మవారి ఆట ఆడతారు. పొద్దు గుంకే ముందు, ఆట మంచి పాకంలో ఉండగా, రంగు లేని మొహంతో ఒక తల్లి రంగస్థలంమీదికి నడిచివస్తుంది. ఒక్కొక్కరినీ సొంత పేరు పెట్టి పిలుస్తుంది. పలికేదాకా ఆట ఆగుతుంది. అది అపచారం కాదు. ఆ ఊళ్ళో అదే ఆటకు ప్రాణం.

ఆ సాయంకాలం ఏచమ్మకు ఇవేవీ తెలియవు. కొడుకు మొహం తుడిచింది, గుడ్డంతా పసుపయింది. తమ్ముడి మొహం తుడిచింది, గుడ్డ నల్లనయింది. వాన చప్పుడులో అన్నం ఉడుకుతుండగా, వాళ్ళందరూ తడిబట్టలతో పొయ్యిచుట్టూ చేరి, ఎవరు ఎవర్ని లాగారో, ఎవరు ఎవర్ని తన్నారో వాదులాడుకుంటున్నారు. ఆమె గుమ్మంలో నిలబడి పెదవులు కదపకుండా లెక్కపెట్టుకుంది. గుండమయ్య, చిటికెనవేలు ముడిచింది. మాచన. దామన. పోలన. బొప్పన, బొటనవేలు ముడిచి, పిడికిలి కాసేపు గుండెకు ఆనించుకుంది.

అప్పుడు అరుగుమీది రాయివైపు చూసి, రెండోచేతి చిటికెనవేలుకూడా ముడిచింది.